1971 ఓడ మీద 2022 జెండా!

సంపాదకులకు నమస్కారం.

నౌకాదళ దినోత్సవం వస్తోందంటే విశాఖలో గోడల మీద యుద్ధనౌకల బొమ్మలు వెలుస్తాయి. మా వీధి చివర ఈమధ్య ఒకటి వేశారు. 1971 యుద్ధం నాటి విమానవాహక నౌక, పాత విక్రాంత్. అలల నురుగు, డెక్ మీద సీహాక్ విమానాలు భలే కుదిరాయి. తేడా కొట్టింది జెండా దగ్గరే. తెలుపు మీద నీలి అష్టభుజి, బంగారు అంచు, లోపల లంగరు! అది 2022 సెప్టెంబరు 2న, కొచ్చిలో కొత్త విక్రాంత్ నౌకాదళంలో చేరిన రోజు ఆవిష్కరించిన నౌకాదళ జెండా. పాత విక్రాంత్ 1997లోనే రిటైరైంది.

1971లో ఎగిరిన జెండాలో తెలుపు మీద ఎర్ర శిలువ, పై మూలలో త్రివర్ణం ఉండేవి. ఆ శిలువ బ్రిటిష్ వాళ్ల వాసన అని తీసేశారు, మంచిదే. అంతమాత్రాన పాత బొమ్మలోంచీ తీసేస్తామా?

చిత్రకారుడికి స్వేచ్ఛ ఉండొద్దా అంటారేమో. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ 1839లో 'టెమెరేర్' అనే పాత యుద్ధనౌక బొమ్మలో, అప్పటికే పీకేసిన తెరచాప స్తంభాలను మళ్లీ నిలబెట్టాడు. అది తెలిసి చేసిన పని. మన గోడ మీది జెండా మాత్రం నెట్‌లో మొదట దొరికిన ఫొటో చూసి వేసినట్టుంది.

సరిదిద్దడానికి చిన్న డబ్బాల్లో తెల్ల రంగు, ఎర్ర రంగు, ఒక పూట పని చాలు.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం