ఎంసీబీ పడిపోతోందని పెద్దది వేయకండి

సంపాదకుడు గారికి,

ఇరవై ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. ఎలక్ట్రిక్ కారు చార్జర్ పెట్టినప్పటి నుంచి తెల్లవారుజామున ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోతోందని మొన్న ఒకరు పిలిచారు. 3.3 కిలోవాట్ల చార్జర్, అంటే 230 వోల్టుల దగ్గర 14 ఆంపియర్ల పైచిలుకు. ఎంసీబీ 16 ఆంపియర్లది. లెక్క సరిపోయినట్టే ఉంది కదా! బోర్డు విప్పితే స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగింది, గోరు తగిలితే పొడిలా రాలింది.

మిక్సీ ఐదు నిమిషాలు తిరిగి ఆగుతుంది, వైరు చల్లారుతుంది. చార్జర్ రాత్రంతా ఆగదు. లోడు ఎక్కువైనప్పుడు ఎంసీబీలోని లోహపు పట్టీ వేడికి వంగి అది పడుతుంది. మామూలుగా దాని రేటింగు 30 డిగ్రీల దగ్గర ఇచ్చింది. మూసిన బోర్డులో పక్కపక్కనే ఇరికిస్తే వేడెక్కి, రేటింగు కంటే తక్కువ కరెంటుకే పడుతుంది. మూడు గంటలు, ఆపైన ఏకధాటిగా నడిచే లోడుకు 125 శాతం లెక్కగట్టాలని అమెరికా విద్యుత్ కోడ్ చెబుతుంది. అలా చూస్తే ఇక్కడ దాదాపు 18, అంటే 20 ఆంపియర్ల ఎంసీబీ కావాలి.

నాకంటే ముందొచ్చినతను 32 వేసేద్దామన్నాడట, పాత 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీదే! అప్పుడు వైరు మోయలేనంత కరెంటు వెళ్లినా ఎంసీబీ పడదు, వైరు కాలుతుంది. నేను 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడిగా లాగి 20 బిగించాను. ఖర్చయిందని గొణిగారు లెండి.

చార్జర్ అమ్మేవాళ్లు ఎంసీబీ, వైరు సైజులు పెట్టె మీదే తెలుగులో అచ్చువేస్తే మాకు సగం వాదన తప్పుతుంది.

- ఒక ఎలక్ట్రీషియన్