జెనీవా సరస్సును ఒడ్డు మీది నుంచే చూసి వెళ్లిపోకండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఎండాకాలం సెలవులు దగ్గరపడుతున్నాయంటే చాలు, మన పత్రికల పర్యాటక పుటల్లో స్విట్జర్లాండ్ మీద వ్యాసాలు మొదలవుతాయి. వాటిలో మంచు శిఖరాలూ, కేబుల్ కార్లూ, కొండ రైళ్లూ నిండుగా కనిపిస్తాయి. జెనీవా నగరానికి మాత్రం ఒక్క పేరా దక్కుతుంది: పెద్ద ఫౌంటెన్, పూల గడియారం, ఐక్యరాజ్య సమితి భవనం, అంతటితో సరి. ప్రయాణ సంస్థల కార్యక్రమ పట్టికలూ ఇదే తీరున ఉంటాయి కాబట్టి మే నుంచి ఆగస్టు వరకు ఇక్కడికి వచ్చే తెలుగు కుటుంబాలలో అత్యధికులు ఒడ్డున నిలబడి ఫొటోలు తీసుకుని, రెండు మూడు గంటల్లో బస్సెక్కి వెళ్లిపోతారు. ఈ ఊళ్లో నివసిస్తున్న పాఠకుడిగా నాకు ఇది ఏటా బాధ కలిగించే విషయం. వేసవిలో జెనీవా జీవితం సరస్సు నీటిలోనూ, నీటి మీదా సాగుతుంది. ఆ రెండింటిలోనూ పాలుపంచుకోకుండా వెళ్లినవారు ఈ ఊరిని చూసినట్టు కాదని నా గట్టి అభిప్రాయం.

లెమాన్ అని కూడా పిలిచే జెనీవా సరస్సు నెలవంక ఆకారంలో సుమారు 73 కిలోమీటర్ల పొడవున, 580 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ దేశాల మధ్య పరుచుకుని ఉంది. అత్యంత లోతైన చోట దాదాపు 310 మీటర్లు ఉంటుంది. ఆల్ప్స్ పర్వతాలలో పుట్టిన రోన్ నది తూర్పు కొసన ఈ సరస్సులో కలిసి, పడమటి కొసన జెనీవా నడిబొడ్డులో మళ్లీ నదిగా బయటికి వస్తుంది. నగరం ఆ ఇరుకైన కొసకు రెండు వైపులా పెరిగింది. అందువల్ల ఒక ఒడ్డు నుంచి మరో ఒడ్డుకు వెళ్లాలంటే మోంబ్లాన్ వంతెన మీదుగా చుట్టు తిరగాలి, లేదా పడవ ఎక్కాలి. వేసవి సాయంత్రాల్లో ఆ వంతెన మీద వాహనాల రద్దీ చూసినవారెవరూ పడవను కాదనరు.

ఈ పడవల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవారిలో చాలామంది వీటిని విహారయాత్రల పడవలుగా భావించి, టికెట్టు ఎంతో ఏమోనని వెనుదిరగడం తరచుగా చూస్తున్నాను. మూయెత్ అనే ఈ చిన్న ఎరుపు, పసుపు రంగుల పడవలు 1897 నుంచి జెనీవా రేవులో తిరుగుతున్నాయి. నాలుగు మార్గాలున్నాయి, కుడి ఒడ్డున ఉన్న పకీ తదితర రేవుల నుంచి ఎడమ ఒడ్డున ఉన్న మొలార్, ఓ వీవ్ రేవులకూ, కాస్త దూరంలో ఉన్న జెనీవ్ ప్లాజ్ స్నానఘట్టానికీ ఇవి తీసుకువెళతాయి. ఇవి నగర రవాణా వ్యవస్థలో భాగం. ట్రాము, బస్సు కోసం కొన్న టికెట్టే వీటిలోనూ చెల్లుతుంది. హోటళ్లలో బస చేసే అతిథులకు, వారు ఉన్నన్నాళ్లూ నగర రవాణాను ఉచితంగా వాడుకోవడానికి ఇచ్చే కార్డు కూడా చెల్లుతుంది. అంటే ఆ కార్డు చేతిలో ఉన్న కుటుంబానికి సరస్సు మీద ప్రయాణం అదనపు ఖర్చు లేకుండా దొరుకుతుందన్నమాట. ఆ సంగతి చెప్పేవారు లేకపోవడంతో ఎంతోమంది ఆ కార్డును విమానాశ్రయం రైలుకు మాత్రమే వాడి వదిలేస్తున్నారు. కొన్ని పడవలు సౌరశక్తితో నడుస్తాయి. వాటిలో కూర్చుంటే ఇంజను మోత బదులు నీటి చప్పుడు వినిపిస్తుంది. గాలి మరీ బలంగా ఉన్న రోజుల్లో మాత్రం పడవలు ఆపేస్తారు కనుక అలాంటప్పుడు బస్సు దారి తెలుసుకుని ఉంచుకోవాలి.

పిల్లల దగ్గర కొన్నాళ్లు గడపడానికి వచ్చే పెద్దవారికి ఈ పడవలు ఎంత అనువైనవో చెప్పలేను. మోకాళ్ల నొప్పులతో ఎక్కువ దూరం నడవలేని తల్లిదండ్రులను కొండల మీదికి తీసుకువెళ్లాలని పిల్లలు తాపత్రయపడతారు. అదే పెద్దవారు పడవలో హాయిగా కూర్చుని, ఫౌంటెన్‌ను నీటి మట్టం నుంచి తలెత్తి చూసినప్పుడు వారి ముఖాల్లో కనిపించే ఆనందం వేరు. ఆ నీటిధార సెకనుకు 500 లీటర్ల చొప్పున, గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో 140 మీటర్ల ఎత్తుకు లేస్తుంది. 1886లో రోన్ నది మీది జలశక్తి కేంద్రంలో, పీడనం ఎక్కువైనప్పుడు నీటిని బయటికి వదలడానికి చేసిన ఏర్పాటు అది. చూడముచ్చటగా ఉందని 1891లో సరస్సులోకి మార్చారు. ఇప్పుడున్న రూపం 1951 నాటిది.

ఇక స్నానాల సంగతి. పకీ రేవు పక్కనే, సరస్సులోకి చొచ్చుకుపోయిన రాతికట్ట మీద బేన్ దె పకీ అనే స్నానఘట్టం ఉంది. ఇప్పుడున్న కట్టడం 1932 నాటిది. దాన్ని కూల్చి కొత్తగా కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, రోజూ అక్కడికి వచ్చే మామూలు మనుషులు సంఘంగా ఏర్పడి, 1988లో ప్రజాభిప్రాయ సేకరణ దాకా వెళ్లి దాన్ని కాపాడుకున్నారు. నేటికీ వేసవిలో నామమాత్రపు రుసుముతో ఎవరైనా లోపలికి వెళ్లవచ్చు. బ్యాంకు ఉద్యోగులూ, ఇంటిపనికి వెళ్లే స్త్రీలూ, విద్యార్థులూ, అంతర్జాతీయ సంస్థల అధికారులూ ఒకే చెక్క బల్ల మీద పక్కపక్కన ఆరబెట్టుకుంటూ కూర్చోవడం అక్కడ నిత్యం కనిపించే దృశ్యం. ఇంత ఖరీదైన నగరంలో ఇంత అందమైన చోటు డబ్బున్నవారి పరం కాకుండా నిలిచిందంటే, దాని వెనుక ఆ ఓటు ఉందని మన పాఠకులకు తెలియాలి.

ఎదుటి ఒడ్డున ఓ వీవ్ ప్రజా స్నానతీరం 2019 వేసవిలో తెరుచుకుంది. ఇది పూర్తిగా ఉచితం. దీని మొదటి నమూనాపై పర్యావరణ సంస్థ అభ్యంతరం చెప్పగా న్యాయస్థానం 2013లో అనుమతి రద్దు చేసింది. తర్వాత సరస్సును పూడ్చే విస్తీర్ణం తగ్గించి, నమూనా మార్చి కట్టారు. ఆలస్యమైందని విసుక్కున్నవారు ఎందరో ఉన్నా, ఆ అభ్యంతరం వల్ల మేలే జరిగిందని నేను అనుకుంటాను. ఒడ్డంతా గులకరాళ్లు. ఇసుక తీరాన్ని ఊహించుకుని వచ్చేవారు నిరుత్సాహపడకుండా, నీళ్లలో వేసుకునే రబ్బరు చెప్పులు తెచ్చుకుంటే సరిపోతుంది. ఆ చెప్పులకు మరో కారణం కూడా ఉంది: 2015లో ఈ సరస్సులో తొలిసారి కనిపించిన క్వాగా అనే చిన్న ఆల్చిప్పలు ఇప్పుడు అడుగంతా పాకాయి, వాటి అంచులు పాదాలను కోస్తాయి. చిన్న పిల్లలున్నవారికి దగ్గరలోనే చెట్ల నీడన బేబీ ప్లాజ్ అనే స్నానతీరం ఉంది. టికెట్టు పెట్టుకుని వెళ్లే జెనీవ్ ప్లాజ్‌లో విశాలమైన పచ్చిక, ఈత కొలను కూడా ఉన్నందున పిల్లలతో రోజంతా గడపడానికి నా ఓటు దానికే.

నీటి స్వచ్ఛత గురించి ఒక్క మాట. ఈ సరస్సు ఎప్పుడూ ఇలాగే ఉండేదని అనుకోరాదు. గత శతాబ్దం మధ్యకాలంలో మురుగునీటితో, సబ్బుపొడుల్లోని ఫాస్ఫేట్లతో నాచు పెరిగి సరస్సుకు ఊపిరాడని దశ వచ్చింది. 1962లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని నీటి రక్షణకు ఉమ్మడి సంఘాన్ని ఏర్పాటు చేశాయి. మురుగుశుద్ధి కేంద్రాలు వచ్చాయి. స్విట్జర్లాండ్ 1986లో బట్టల సబ్బుల్లో ఫాస్ఫేట్లను నిషేధించింది. జెనీవా వాసులు తాగే నీటిలో అత్యధిక భాగం నేడు ఈ సరస్సుదే. తాము తాగే నీటిలోనే ఈదుతున్నామన్న ఎరుక ఉండబట్టే ఇక్కడివారు ఒడ్డున చిన్న కాగితం ముక్క పడేసినా సహించరు. మనవారు కొందరు తిన్న పొట్లాలను బెంచీల కింద వదిలి వెళ్లడం చూసి తలదించుకోవలసి వస్తున్నదని చెప్పడానికి చింతిస్తున్నాను.

ఈ ఉత్తరం రాయడానికి నన్ను ఎక్కువగా పురికొల్పినది భద్రత. జులై, ఆగస్టు నెలల్లో పైనీరు 20 డిగ్రీలు దాటి హాయిగానే ఉంటుంది. అయితే నైరుతి నుంచి గాలి బలంగా వీచి పైనీటిని తూర్పుకు తోసేస్తే, అడుగునున్న చల్లటి నీరు జెనీవా వైపు పైకి వస్తుంది. నిన్న వెచ్చగా ఉన్న చోటే నేడు ఒళ్లు కొయ్యబారేంత చల్లగా ఉండవచ్చు. ఎండలో కాగిన ఒంటితో ఒక్కసారిగా దూకితే ఊపిరి బిగుసుకుంటుంది. ముందు కాళ్లూ చేతులూ, ఛాతీ తడుపుకుని నెమ్మదిగా దిగాలి. ఈత రాని పిల్లలను చేయి చాస్తే అందే దూరంలో ఉంచుకోవాలి. గాలి నింపిన బొమ్మలను, పరుపులను నమ్మి లోతుకు పంపకూడదు. చీరతోనో, జీన్సుతోనో నీళ్లలోకి దిగేవారు కనిపిస్తుంటారు. తడిసిన బట్ట బరువు మనిషిని ఎంత కిందికి లాగుతుందో దిగాక గాని తెలియదు. ఒళ్లంతా కప్పుకోవాలనుకునేవారు ఈత కోసమే చేసిన పొడవాటి దుస్తులు తెచ్చుకోవడం మేలు. ఎక్కడ ఎలాంటి దుస్తులు అనుమతిస్తారో ముందే చూసుకోవాలి.

ఒడ్డున అక్కడక్కడ స్తంభాలపై నారింజ రంగు దీపాలుంటాయి. అవి నిమిషానికి 40 సార్లు మిణుకుమంటే బలమైన గాలి రావచ్చనీ, 90 సార్లు మిణుకుమంటే తుపాను గాలి ముంచుకొస్తున్నదనీ అర్థం. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, ఆ దీపాలు వెలగగానే నీటి నుంచి బయటికి రావాలి. పడవల దారిలో ఈదకూడదు. సరస్సు రోన్ నదిగా మారే చోట ప్రవాహం బలం పుంజుకుంటుంది. ఇంకా దిగువన రోన్ నదిలో తేలుతూ పోయే స్థానిక యువకులను చూసి ఉత్సాహపడి దిగడం కొత్తవారికి ప్రమాదం. ఆ నీలి రోన్, బూడిదరంగు ఆర్వ్ నది కలిసే జోంక్షన్ సంగమాన్ని పైనున్న వంతెన మీది నుంచి చూసి ఆనందించడమే తగినది. ఇంకొక చిన్న సంగతి: వెచ్చటి లోతులేని నీటిలో ఉండే సూక్ష్మజీవుల వల్ల కొందరికి దద్దుర్లు వస్తాయి. అవి హాని చేయవు గానీ దురద పెడతాయి కనుక బయటికి రాగానే మంచినీటితో స్నానం చేసి, ఒళ్లు గట్టిగా తుడుచుకోవాలి.

ఒక పూర్తి రోజు చేతిలో ఉన్నవారు పెద్ద ఓడలు ఎక్కాలి. 1873లో ఏర్పడిన సరస్సు నౌకా సంస్థ జెనీవా నుంచి నియోన్, ఇవ్వార్, లోజాన్, మోంత్రో వైపు ఓడలు నడుపుతుంది. వీటిలో తెడ్ల చక్రాలతో నడిచే వందేళ్ల నాటి ఓడలు ఇంకా తిరుగుతున్నాయి: 1910 నాటి లా సుయిస్, 1914 నాటి సావోయ్ ఆవిరి యంత్రాలతో ఇప్పటికీ నడుస్తున్నాయి. యంత్రం ఆడుతుంటే ప్రయాణికులు పక్కనే నిలబడి చూడవచ్చు. ఇంజనీరింగు చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. స్విస్ ట్రావెల్ పాస్ ఈ ఓడలలో చెల్లుతుంది. ఫ్రాన్స్ ఒడ్డున ఉన్న ఇవ్వార్ గ్రామంలో దిగాలంటే షెంగెన్ వీసా చాలు, వేరే వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం వెంట ఉండాలి. లోజాన్ నుంచి ఎవియాన్‌కు సరస్సును అడ్డంగా దాటే ఓడలలో, ఫ్రాన్స్‌లో ఉంటూ స్విట్జర్లాండ్‌లో పనిచేసేవారు రోజూ ఉద్యోగాలకు వెళ్లివస్తారు. ఓడల వేళలు ఋతువును బట్టి మారతాయి గనుక, తిరుగు ప్రయాణపు ఓడ ఎన్ని గంటలకో చూసుకున్నాకనే బయలుదేరడం మంచిది.

జూన్ చివర ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. కాబట్టి పగలంతా కొండల మీద గడిపి వచ్చినవారికి కూడా సాయంత్రం పడవలో అవతలి ఒడ్డుకు వెళ్లి, కాసేపు నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేంత వ్యవధి ఉంటుంది. మీ పర్యాటక పుటలో జెనీవా గురించి ఈసారి రాసేటప్పుడు మూయెత్ మార్గాలనూ, హోటల్ ఇచ్చే రవాణా కార్డు సంగతినీ, తుపాను దీపాల అర్థాన్నీ తప్పక చేర్చవలసిందిగా కోరుతున్నాను. వేసవి ప్రయాణాలకు వీసాలు తీసుకునే రోజులకు ముందే, అంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే అది వెలువడితే, ప్రయాణ సంస్థలతో మాట్లాడి జెనీవాకు ఒక పూట బదులు ఒక రోజు కేటాయించమని అడిగే అవకాశం పాఠకులకు ఉంటుంది.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
జెనీవా