మెగాపిక్సెళ్ల పట్టిక లేపాక్షి చీకట్లో పనికిరాదు

సంపాదకులకు నమస్కారం.

ప్రయాణాలకు ఏ కెమెరా కొనాలో చెబుతూ మీ పర్యాటక పేజీలో వేసిన వ్యాసం, దాని పక్కన ఇచ్చిన పట్టిక గురించి ఈ ఉత్తరం. కెమెరాల్ని మెగాపిక్సెళ్ల వరుసలో, లెన్సుల్ని ఎన్ని రెట్ల జూమ్ అనే వరుసలో పేర్చారు. దుకాణాల్లో అమ్మేవాళ్లు ఏకరువు పెట్టే వరుసా అదే. ఏ4 కాగితం నిండా అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 9 మెగాపిక్సెళ్ల లోపే చాలు. ఫోర్‌కే టీవీ తెర నిండడానికి 8.3 సరిపోతాయి. లెన్స్ మార్చుకునే కెమెరాల్లో 20కి తక్కువ ఉన్నది ఇప్పుడు వెతికితే తప్ప దొరకదు. ఆ గడిలో 24 ఉన్నా 33 ఉన్నా యాత్రకు వెళ్లేవాళ్లకు ముందు తెలిసొచ్చే తేడా కార్డు ఎంత త్వరగా నిండుతుందన్నదే.

కొనేముందు అడగాల్సింది వేరు. వెళ్లే చోట వెలుతురు ఎంత? తీయబోయేది కదిలేదా, కదలనిదా? గండికోట అంచున నిలబడి పట్టపగలు పెన్నా లోయను తీయడానికి జేబులో ఉన్న ఫోన్ చాలు, దానికోసం అప్పు చేయనక్కర్లేదు. చిక్కంతా కప్పుల కింద, దీపాల దగ్గర వస్తుంది.

లేపాక్షి వీరభద్రాలయాన్నే తీసుకోండి. మండపం కప్పు మీద 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలున్నాయి. బయట ఎండ పేలిపోతున్నా లోపలికి వచ్చే వెలుతురు స్తంభాల సందుల్లోంచి పక్కవాటుగా వచ్చేదే. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ వేయాలంటే ముందే అనుమతి ఉండాలి, కాబట్టి మామూలు యాత్రికులు చేత్తోనే తీయాలి. ఆ పాత రంగుల మీద ఫ్లాష్ కొట్టే పని పెట్టుకోకూడదు. ఇలాంటి చోట్లకు మీ వ్యాసం ఎఫ్/2.8 లెన్స్ కొనమంది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుని అంత ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది. లెక్క వేస్తే ఆ సలహా సగమే నిలుస్తుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 కిట్ లెన్స్ 18 మి.మీ. దగ్గర, అంటే అతి వెడల్పుగా చూసే కొసన, ఎఫ్/3.5 దాకా తెరుచుకుంటుంది. 3.5 కంటే 2.8 తెచ్చేది ఒకటిన్నర రెట్ల వెలుతురు మాత్రమే. అదే కిట్ లెన్స్‌ను 55 దాకా లాగితే ఎఫ్/5.6కు పడిపోతుంది. అక్కడ 2.8 లెన్స్ నాలుగు రెట్లు ఎక్కువ వెలుతురు ఇస్తుంది, ఐఎస్‌ఓ 6400 అడిగే చోట 1600తో పని జరుగుతుంది (ఐఎస్ఓ అంటే కెమెరా వెలుతురుకు ఎంత స్పందించాలో చెప్పే అంకె, పెంచితే ఫొటోలో గింజలు పడతాయి). కానీ కప్పంతా ఒకే ఫ్రేములో పట్టాలనుకునేవాళ్లు వాడేది 18 వైపే.

ఆ వైపు అక్కరకొచ్చేది స్టెబిలైజేషన్, అంటే చెయ్యి అదురును కెమెరానో లెన్సో సరిదిద్దుకునే ఏర్పాటు. అది లేని క్రాప్ సెన్సర్ (పాత 35 మి.మీ. ఫిల్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాతో 18 మి.మీ. దగ్గర చేత్తో తీస్తే, చెయ్యి అదురు కనపడకుండా ఉండే షట్టర్ స్పీడ్ సుమారు 1/30 సెకను. మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) స్టెబిలైజేషన్ ఉంటే 1/4 దాకా దిగొచ్చు. అది ఎనిమిది రెట్ల వెలుతురు. కప్పు మీది బొమ్మలు ఎలాగూ కదలవు. సోనీ ఎ6400 బాడీలో స్టెబిలైజేషన్ లేదు, దానికి జోడీగా అందరూ మెచ్చుకునే సిగ్మా 18-50 ఎఫ్/2.8లోనూ లేదు. ఆ కెమెరాతో పాటు వచ్చే 16-50 కిట్ లెన్స్‌లో ఉంది. వివరాల స్ఫుటతలో సిగ్మాకు అది సాటి రాదు, నిజమే. అయినా ఆ కప్పు కింద చవక లెన్సే గట్టెక్కిస్తుంది. మీ పట్టికలో స్టెబిలైజేషన్‌కు గడే లేదు.

పైసా ఖర్చు లేని పద్ధతి ఇంకొకటి ఉంది. జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి నేల మీద పరిచి, కెమెరాను దానిమీద వెల్లకిలా పెట్టండి, లెన్స్ గుడి పైకప్పును చూసేలా. ఐఎస్‌ఓ 200, ఎఫ్/8, 2 సెకన్ల టైమర్. స్టెబిలైజేషన్ ఆపేయాలి, కదలకుండా ఉన్న కెమెరాలో కొన్నిసార్లు అదే అదురు తెస్తుంది. షట్టర్ మూడు సెకన్లు తీసుకున్నా ఫొటో చెదరదు. జనం నడిచే దారిలో మాత్రం పెట్టకండి.

ఇక కార్తీక పౌర్ణమి రాత్రి గోదావరి రేవులో దీపాలు వదిలే ఆడవాళ్ల ముఖాలు తీయాలంటే లెక్క తలకిందులవుతుంది. మనిషి కదులుతుంటే 1/125 సెకను కావాలి, అక్కడ స్టెబిలైజేషన్ ఎంతున్నా ఉపయోగం లేదు. 35 మి.మీ. ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్) పనికొచ్చేది అప్పుడే. కిట్ లెన్స్ అదే 35 దగ్గర సుమారు ఎఫ్/4.5 ఉంటుంది. ప్రైమ్‌తో వచ్చే వెలుతురు దానికి ఆరు రెట్లు. దీనికీ ఒక మూల్యం ఉంది. మీటరున్నర దూరంలో 1.8 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చే లోతు సుమారు 13 సెంటీమీటర్లు, జానెడు కూడా కాదు. ముందున్నామె కళ్లు తేటగా ఉంటాయి, వెనకామె ముఖం అలుక్కుపోతుంది. ఇద్దరూ కావాలంటే ఎఫ్/2.8కు మూసి, ఐఎస్‌ఓ పెంచుకోవాలి. కాస్త గింజలు పడిన ఫొటో కదిలి చెదిరిన ఫొటో కంటే నయం.

జూమ్ రెట్ల మోజులో అందరూ మరిచిపోయేది లెన్స్ ఎంత వెడల్పు నుంచి మొదలవుతుందన్నది. క్రాప్ సెన్సర్ మీద 18 మి.మీ. అంటే 1.5తో గుణిస్తే ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 27, 16 అయితే 24. కాగితం మీద చిన్న తేడా. పది మీటర్ల దూరం నుంచి 24తో 15 మీటర్ల వెడల్పు పడుతుంది, 27తో 13.3 మాత్రమే. చార్మినార్ ఒక్కో వైపు 20 మీటర్లు. వెనక్కి జరుగుదామంటే గాజుల బండ్లు, ఆటోలు. కెనాన్ వాళ్ల క్రాప్ 1.6 కాబట్టి అదే 18 అక్కడ దాదాపు 29 అవుతుంది. జూమ్ చాలకపోతే ఫొటోను తర్వాత కత్తిరించుకోవచ్చు. ఫ్రేములో పడని మినారును ఎక్కడినుంచి తెస్తాం?

రామప్పలో ఇంకో రకం ఇబ్బంది. చూరు కింద నిలబడ్డ మదనికలు (స్త్రీ శిల్పాలు) నిగనిగలాడే నల్లరాయి, వాటి వెనక తెల్లని ఆకాశం. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ఆకాశాన్ని చూసి బొమ్మను మసిగుడ్డ చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో ఎంత వెలుగ్గా రావాలో మార్చే సెట్టింగు) +1 పెట్టాలి. లోపలి నల్ల స్తంభాన్ని ఫ్రేము నిండా తీస్తే దీనికి విరుద్ధం. మీటరు నలుపును బూడిదరంగుగా తేలుస్తుంది, -1 వైపు వెళ్లాలి. మదనికలకు 55 దగ్గర ఆగిపోయే లెన్స్ కాస్త పొట్టి. ఒకే లెన్స్‌తో తిరగాలనుకునేవాళ్లకు 18-135 లాంటిది అందుకే సుఖం. దుమ్ములో లెన్స్ మార్చే బాధా ఉండదు.

దుకాణాల్లో అంటగట్టే డబుల్ కిట్ గురించి మాత్రం జాగ్రత్త. 18-55తో పాటు వచ్చే 55-200ను చూపించి పక్షులకు అంటారు. నేలపట్టులో గూళ్ల మీది గూడబాతులకు 400 మి.మీ. అయినా కావాలి, 200తో తెల్లచుక్కలే వస్తాయి. ఏడాదికోసారి పక్షులకు వెళ్లేవాళ్లు పెద్ద లెన్స్ అద్దెకు తెచ్చుకుంటే సరి, హైదరాబాద్‌లో రోజు లెక్కన ఇస్తారు. బరువు కూడా చూసుకోవాలి. ఎ6400, సిగ్మా 18-50 కలిపి 700 గ్రాములు. ఫుల్ ఫ్రేమ్ ఎ7-4కు సోనీ 24-70 ఎఫ్/2.8 రెండో తరం లెన్స్ తగిలిస్తే 1,350 గ్రాములు. గోల్కొండ బాలా హిస్సార్ ఎక్కేటప్పుడు ఈ రెండో జత చాలామందికి మెడలోంచి సంచిలోకి పోతుంది, అక్కడే ఉండిపోతుంది.

తేమ గురించి మీ వ్యాసం ఒక్క ముక్కా అనలేదు, మన కోస్తాలో కెమెరాలను తినేసేది అదే. విశాఖలో ఏసీ గది నుంచి తెల్లవారుజామున నేరుగా బీచికి వెళ్తే చల్లటి గాజు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. ఆ సమయంలో లెన్స్ విప్పితే సెన్సర్ మీదా పడుతుంది. గదిలోనే జిప్ కవర్లో పెట్టి గట్టిగా మూసి, బయటికెళ్లాక అరగంటకు తీయాలి. ఇంట్లో తోలు సంచిలో, బట్టల బీరువాలో దాచొద్దు. మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు ఉంటే చాలు. మీటరు 40, 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటిన చోట నెలల తరబడి వదిలేస్తే ఫంగస్ పడుతుంది, ముదిరితే గాజు పూతనే కొరికేస్తుంది. సిలికా జెల్ బదులు బియ్యం పోయొద్దు, పిండి దుమ్ము లెన్స్ సందుల్లోకి పోతుంది.

పాత లెన్స్ కొనేటప్పుడు ఎపర్చర్ (లెన్స్ లోపల తెరుచుకుని మూసుకునే రంధ్రం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వదిలేయండి. నాలుగు దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు.

చివరిగా ఒక తప్పు. పాత నికాన్ 50 మి.మీ. ఎఫ్/1.8డి చవకగా దొరుకుతుందని, ఏ నికాన్‌కైనా పనికొస్తుందని మీరు రాశారు. ఆ లెన్స్‌లో ఫోకస్ మోటారు లేదు, బాడీలోని మోటారే దాన్ని తిప్పాలి. డి3500, డి5600 లాంటి బాడీల్లో ఆ మోటారు ఉండదు. జెడ్ మిర్రర్‌లెస్‌లకు నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ (పాత లెన్సును వాటికి అమర్చే ముక్క) తగిలించినా అంతే. ఫొటో పడుతుంది, ఫోకస్ మాత్రం చేత్తో తిప్పుకోవాలి. ఆటోఫోకస్ కావాలంటే కొనాల్సింది 50 ఎఫ్/1.8జి. పేరు చివర అక్షరం ఒక్కటే తేడా కాబట్టి, ఈ సవరణను కాస్త పెద్ద అక్షరాల్లో వేయగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజమహేంద్రవరం