ఫ్రెంచ్ పాఠాన్ని అమీర్‌పేటకే వదిలేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

అమీర్‌పేట గోడల మీద ఒకప్పుడు జావా, ఒరాకిల్ కోర్సుల పోస్టర్లు ఉండేవి. ఇప్పుడు వాటి మీదే ‘మూడు నెలల్లో ఫ్రెంచ్, కెనడా పీఆర్ గ్యారంటీ’ అన్న తరహా కాగితాలు అంటిస్తున్నారు. గ్యారంటీ మాట పచ్చి అబద్ధం. కానీ ఆ అబద్ధానికి గిరాకీ తెచ్చిన అవకాశం మాత్రం నిజమే. ఆ అవకాశాన్ని ప్రభుత్వ కళాశాలలు పట్టించుకోకపోవడం గురించే ఈ లేఖ.

కెనడాలో స్థిర నివాసానికి (పీఆర్) 2015 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానం నడుస్తోంది. వయసు, చదువు, అనుభవం, భాష కలిపి 1,200 మార్కులకు లెక్క వేసి, ఎక్కువ వచ్చినవారిని దరఖాస్తుకు పిలుస్తారు. ముప్పై నిండితే ఏటా కోత మొదలవుతుంది. ఒంటరిగా దరఖాస్తు చేసేవారికి 29 ఏళ్ల దాకా వయసు కింద 110 మార్కులు ఉంటే, 40 ఏళ్లకు అవి 50కి పడిపోతాయి. మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది అమెరికా మీద ఆశ వదులుకుని కెనడా వైపు చూసేది సరిగ్గా ఈ వయసులోనే. కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని 2025 సెప్టెంబరులో అమెరికా ప్రకటించాక ఆ చూపు ఇంకా పెరిగింది.

ఇక్కడే ఫ్రెంచ్ అక్కరకు వస్తుంది. 2023 నుంచి ఆ భాష వచ్చినవారికి విడిగా ఆహ్వానాలు పంపుతున్నారు. 2025 మార్చిలో ఒక విడతలో 7,500 మందిని పిలిస్తే కటాఫ్ 379 దగ్గర ఆగింది. అదే ఏడాది, కెనడాలో ఇప్పటికే పనిచేస్తున్నవారి విభాగంలో 500 దాటితే తప్ప పిలుపు రాలేదు. ఇది మన మీద దయ కాదు. ఫ్రెంచ్ ప్రధాన భాషగా ఉన్న క్యూబెక్ రాష్ట్రం వెలుపల ఆ భాష మాట్లాడేవారి వాటా తగ్గిపోతోందన్న బెంగ ఆ దేశానిది. అందుకే క్యూబెక్ వెలుపలికి వచ్చే వలసదారుల్లో ఫ్రెంచ్ భాషీయులు 2024లో 6 శాతం ఉండాలని లక్ష్యం పెట్టుకుని, తర్వాత దాన్ని పెంచుకుంటూ వస్తోంది.

అయితే పోస్టర్లు చెప్పని సంగతులు చాలా ఉన్నాయి. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింటిలోనూ కెనడా ఫ్రెంచ్ కొలమానంలో ఏడో స్థాయి రావాలి. అది ఐరోపా లెక్కలో, అంటే ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో, దాదాపు నాలుగోదైన బీ2. అక్షరాల దగ్గర మొదలుపెట్టినవారికి అక్కడికి చేరడానికి 500 నుంచి 650 గంటల తరగతులు పడతాయని సాధారణ అంచనా. ఉద్యోగం చేసుకుంటూ వారానికి పది గంటలు కూర్చున్నా దాదాపు ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. పైగా పరీక్ష టెఫ్ కెనడా గానీ టీసీఎఫ్ కెనడా గానీ అయి ఉండాలి. ఐరోపాలో ఎంతో గౌరవమున్న డెల్ఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష పత్రం ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి చెల్లదు. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది కాబట్టి తొందరపడి ముందే రాసినా ఇబ్బందే. అన్నిటికన్నా విడ్డూరం ఇంకొకటి: ఈ దారిలో వెళ్లేవారు క్యూబెక్ బయటే స్థిరపడతామని చెప్పాలి. క్యూబెక్ తన వలసదారులను తానే వేరే పద్ధతిలో ఎంచుకుంటుంది. ఫ్రెంచ్ నేర్చుకుని క్యూబెక్‌లోని మాంట్రియల్‌లో కాపురం పెట్టవచ్చని కలలు కనే దంపతులకు ఈ మాట డబ్బు కట్టకముందే ఎవరైనా చెప్పాలి కదా!

ఫ్రాన్స్ సంగతి వేరు. 2030 నాటికి 30,000 మంది భారతీయ విద్యార్థులను చేర్చుకోవాలని ఆ దేశం చెబుతోంది. ఇంగ్లిష్‌లో ఎంఎస్ ఉందని ఏ భాషా లేకుండా విమానం ఎక్కేవారు ఒక మార్పు గమనించాలి. 2026 జనవరి నుంచి అక్కడ బహుళ సంవత్సరాల నివాస కార్డుకు ఏ2, పదేళ్ల కార్డుకు బీ1, పౌరసత్వానికి బీ2 స్థాయి అడుగుతున్నారు.

మరి ఊళ్లోనే ఉండేవారికి? ఇందులో నేను కొంత ఆచితూచే మాట్లాడతాను. ఫ్రెంచి మందుల సంస్థ సనోఫీకి ఇక్కడ పెద్ద కేంద్రం ఉంది. శంషాబాద్‌లో సఫ్రాన్ విమాన ఇంజన్ల మరమ్మతు కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. మన మెట్రో రైళ్లను పట్టాలెక్కించి నడిపిన కియోలిస్ కూడా ఫ్రెంచి సంస్థే. కానీ ఇలాంటి చోట్ల ఉద్యోగం తెచ్చేది ఇంజినీరింగో ఫార్మసీయో. రోజువారీ పని ఇంగ్లిష్‌లో సాగిపోతుంది. ప్యారిస్ బృందంతో మాట్లాడాల్సిన రోజున, అక్కడికి బదిలీకి మనిషిని వెతికే రోజున భాష వచ్చినవారు ముందుంటారు. అనువాదం, ఖాతాదారుల సేవ, బోధన వంటి పనుల్లో మాత్రం భాషే జీతం.

నాకు అసలు కోపం తెప్పించేది మన ఇంటర్మీడియట్ ఫ్రెంచ్. నగరంలోని ప్రైవేటు కళాశాలల్లో ఏళ్లుగా పిల్లలు సంస్కృతం లాగే ఫ్రెంచ్‌నూ మార్కుల కోసం తీసుకుంటున్నారు. నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంటారు. ఆ తర్వాత ఒక ఫ్రెంచి దేశీయుడు ఎదురైతే నమస్కారం దాటి రెండో వాక్యం రాదు. ప్రశ్నపత్రాల సరళి, బట్టీ, మార్కుల జాబితా, అంతటితో సరి. రెండేళ్ల కాలం అలా నీళ్లపాలు చేసి, పదేళ్ల తర్వాత అదే పిల్లలు వేలకు వేలు పోసి అమీర్‌పేటలో మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెడుతున్నారు. నోటి పరీక్షకు మార్కులు కేటాయించి, వాటిని బయటి పరీక్షకుల చేత వేయిస్తే ఈ నాటకం చాలావరకు ఆగుతుంది.

తెలుగును వదిలి ఫ్రెంచ్ తీసుకోమని నేను అనడం లేదు. తెలుగుకు కూడా దెబ్బ తగులుతున్నది ఈ మార్కుల వేటలోనే. నేను అడిగేది డిగ్రీలో, సాయంత్రం పూట, ఇష్టమున్నవారికి అదనంగా. తార్నాకలోనే ఇంగ్లిష్, విదేశీ భాషల కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ ఫ్రెంచ్ చదివిన యువతను అధ్యాపకులుగా తీసుకుని, సిటీ కళాశాలలోనో కోఠి మహిళా విశ్వవిద్యాలయంలోనో మూడేళ్ల పాటు నెమ్మదిగా నడిపితే ఆ ఆరు వందల గంటలు పెద్ద భారం కావు. మూసారాంబాగ్ పేరులోనే ఫ్రెంచి సేనాని రేమండ్ ఉన్నాడని చెప్పుకునే ఊరికి ఇది మరీ పరాయి భాషేమీ కాదు లెండి.

వలస పోయేవారి కోసం ప్రజాధనం ఎందుకని కొందరు అడుగుతారు. రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన టామ్‌కామ్ ఇప్పటికే నర్సులకు జర్మన్, జపనీస్ నేర్పించి విదేశాలకు పంపుతోంది. ఆ వరుసలో ఫ్రెంచ్‌ను చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. డబ్బున్న పిల్లలు ఎలాగూ వెళ్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివిన పిల్లలే ఈ దారి ఉందని తెలియక ఆగిపోతున్నారు.

ప్రకటనల సంగతీ తేల్చాలి. కెనడా చట్టం ప్రకారం డబ్బు తీసుకుని వలస సలహా ఇవ్వాలంటే అక్కడి లైసెన్సు ఉన్న కన్సల్టెంటో న్యాయవాదో అయి ఉండాలి. క్యూబెక్‌లో నోటరీలకూ ఆ హక్కు ఉంది. భాష నేర్పే సంస్థ పీఆర్ గ్యారంటీ అని రాస్తే, ఆ లైసెన్సు నంబరు చూపించమని పోలీసులు, వినియోగదారుల వ్యవహారాల శాఖ అడగాలి. చూపించలేని సంస్థల పోస్టర్లను తొలగించి, జరిమానా వేయాలి.

భవదీయురాలు,
విశ్రాంత డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు,
నల్లకుంట, హైదరాబాద్