ఈసీజీ నార్మల్ అని వచ్చాక ఏం చేయాలి?

సంపాదకులకు నమస్కారం.

కిందటి ఆదివారం మీ పత్రికలో గుండెపోటు లక్షణాల గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఛాతీలో బిగుతు, చెయ్యి లాగడం, చెమటలు, ఊపిరి అందకపోవడం కనబడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలని రాశారు. మంచి మాట, అందరూ చదవాల్సిందే. ఆ లక్షణాలన్నీ నాకు వచ్చాయి. ఒకసారి కాదు, ఐదు సార్లు. ఐదు సార్లూ పరుగున వెళ్లాను. ఐదు సార్లూ ఈసీజీ నార్మల్ అన్నారు. ఆ తర్వాత ఏం చేయాలన్నది మీ వ్యాసంలో లేదు. నాకూ చాలాకాలం ఎవరూ చెప్పలేదు. అది తెలియకే దాదాపు రెండేళ్లు పోగొట్టుకున్నాను.

నాది తెనాలి. వయసు 44. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని 18 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మా ఆయన రైసుమిల్లులో గుమస్తా. ఒక్కతే అమ్మాయి.

మొదటిసారి 2022 శ్రావణమాసంలో వచ్చింది. వరలక్ష్మీ వ్రతం మూడు రోజుల్లో ఉంది, ఇంకా ఇరవై పైచిలుకు జాకెట్లు చేతిలో ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటప్పుడు పట్టు జాకెట్టుకు మెడ తిప్పుతున్నాను. ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. గాలి పీలుస్తున్నాను గానీ లోపలికి వెళ్తున్నట్టు లేదు. వేళ్లు తిమ్మిరెక్కాయి. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుంది. చేతిలో గుడ్డ కనబడుతూనే ఉంది, ఆ చెయ్యి మాత్రం నాది కాదేమో అనిపించింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. పిల్ల ఇంకా కాలేజీ నుంచి రాలేదే అనుకోవడం ఒక్కటే గుర్తుంది. పక్కింటివాళ్లు ఆటోలో ఒక నర్సింగ్‌హోముకు తీసుకెళ్లారు. అక్కడికి చేరేసరికే సగం తగ్గింది.

ఈసీజీ తీశారు. డాక్టరుగారు కాగితం చూసి, "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని గ్యాసు మాత్రలు రాసిచ్చారు.

ఆ రాత్రి అందరం ఊపిరి పీల్చుకున్నాం. పది రోజులకు కూరగాయల మార్కెట్లో మళ్లీ వచ్చింది, అచ్చం అలాగే. అప్పుడు ఆ "ఏమీ లేదు" నన్ను పట్టుకుంది. ఏమీ లేకపోతే ఇదేమిటి? ఏదో ఉంది, వాళ్లకు దొరకలేదు. ఇంకో ఆసుపత్రికి వెళ్దాం. అక్కడ టూడీ ఎకో తీశారు. ఏమీ లేదు. ఇంకోచోట ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించారు. ఏమీ లేదు. అన్నీ కలిపి 41 వేల రూపాయలైంది. అందులో 25 వేలు డ్వాక్రా సంఘంలో తీసుకున్న లోను.

ఈసీజీ కాగితాలు మడిచి నా కొలతల పుస్తకంలో పెట్టుకునేదాన్ని. మళ్లీ వస్తే చూపించాలి కదా. ఎవరికైనా కొలతలు రాసుకోవడానికి పుస్తకం తెరిస్తే, ఆ గులాబీరంగు గళ్ల కాగితం జారి కింద పడేది. అది చూడగానే చేతులు చల్లబడేవి.

ఆ "ఏమీ లేదు" అన్న మాట ఇంట్లో ఇంకో పని కూడా చేసింది. మొదటిసారి నన్ను ఎత్తుకెళ్లినవాళ్లే నాలుగోసారికి "మళ్లీనా అమ్మాయ్?" అన్నారు. డాక్టరే ఏమీ లేదన్నాక ఇక నేను నటిస్తున్నట్టో, పని ఎగ్గొడుతున్నట్టో అయింది. మా అత్తగారు గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించింది. ఆమెను నేను తప్పుపట్టను. నన్ను చూసి భయపడింది, తనకు తెలిసింది చేసింది. "నీకేం తక్కువ, మనసు గట్టి చేసుకో" అన్నవాళ్ల మాటే నన్ను ఎక్కువ కోసింది. ఏది ఎలా గట్టి చేసుకోవాలో తెలిస్తే ఆ క్షణమే చేసుకునేదాన్ని.

ఎక్కడ వచ్చిందో ఆ చోటు మానేస్తూ వచ్చాను. ముందు మార్కెట్టు. తర్వాత బస్సు. తర్వాత లైనింగు గుడ్డ కోసం బోసు రోడ్డుకు వెళ్లడం. గుడికి వెళ్తే గుమ్మం దగ్గరే, బయటపడడానికి వీలుగా నిలబడేదాన్ని. నిద్ర పట్టడం లేదంటే ఒక మందుల షాపులో చీటీ లేకుండానే ఆల్ప్రజోలామ్ ఇచ్చారు. నాలుగు నెలలు వేసుకున్నాను. అరమాత్ర ఒకటైంది. మానేద్దామని చూస్తే నిద్ర పూర్తిగా పోయి వణుకు పట్టుకుంది. ఆ మాత్ర అలవాటు పడుతుందని, డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని తర్వాత తెలిసింది.

ఐదోసారి రాత్రి పదకొండింటికి ప్రభుత్వాసుపత్రికి వెళ్లాం. డ్యూటీలో చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ఈసీజీ తీయించింది, రక్తపరీక్షకు పంపింది. నా దగ్గరున్న పాత కాగితాలు బల్ల మీద వరసగా పరిచింది. అప్పుడు మూడు ప్రశ్నలు అడిగింది. వచ్చినప్పుడు ఎంతసేపుంటుంది? చచ్చిపోతాననిపిస్తుందా? మళ్లీ వస్తుందేమోనన్న భయంతో ఏమేం మానేశారు?

మూడో ప్రశ్నకు నాకు ఏడుపొచ్చింది. అప్పటిదాకా ఎవరూ ఆ మాట అడగలేదు.

"అమ్మా, మీ గుండెలో ఏమీ లేదు. కానీ మీకు వచ్చింది మాత్రం నిజం. దానికి పేరుంది" అని, ఓపీ చీటీ వెనక తెలుగులో పానిక్ ఎటాక్ అని రాసిచ్చింది. కుక్క వెంటపడితే గుండె ఎలా కొట్టుకుంటుందో అడిగింది. పరుగెత్తడానికి ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది, గుండె, ఊపిరి వేగమవుతాయి, చెమటలు పడతాయి. అదంతా మనల్ని కాపాడడానికే. మీకు కుక్క లేకుండానే ఒళ్లు పరుగు మొదలుపెడుతోంది అంది. భయంతో గబగబా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, వేళ్ల తిమ్మిరి, పెదవుల దగ్గర చీమలు, తల తిరగడం దానివల్లేనట. మామూలుగా పది నిమిషాల్లో పతాక స్థాయికి వెళ్లి, తర్వాత దానంతటదే దిగుతుందని చెప్పింది. ఆటో నర్సింగ్‌హోము చేరేసరికి సగం ఎందుకు తగ్గిపోయేదో అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు.

ముందు డాక్టర్లు తప్పేమీ చెప్పలేదు. గుండె బాగానే ఉంది. "ఏమీ లేదు" అనే చోట "గుండెలో ఏమీ లేదు, ఇది ఫలానా" అని ఉంటే ఆ రెండేళ్లు నాకు మిగిలేవి. నేను మీ ద్వారా అడుగుతున్నది ఇదే.

గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి వెళ్లమంది. వెళ్లడానికి ఇరవై రోజులు తటపటాయించాం. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లిందంటారని. మొదటిరోజు మా ఆయన బండి ఎక్కడో దూరంగా పెట్టి నడిపించుకెళ్లాడు. అత్తగారికి థైరాయిడ్ పరీక్షకని చెప్పాం. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాగే దడ వస్తుందని అక్కడ ఆ పరీక్షలు కూడా చేయించారు.

అక్కడ రాసిచ్చిన మాత్రలు పని మొదలుపెట్టడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో కాస్త కంగారు పెరగొచ్చని ముందే చెప్పారు. చెప్పబట్టి ఆగాను, లేకపోతే నాలుగోరోజే పారేసేదాన్ని. ఆల్ప్రజోలామ్‌ను కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పించారు. అక్కడి సైకాలజిస్టు మేడమ్ ఒకరోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నిమిషం పాటు గబగబా ఊపిరి పీల్చి వదలమంది. నాకు ప్రాణం పోయినంత పనైంది. సగంలోనే వేళ్లు తిమ్మిరెక్కాయి, కళ్లు తిరిగాయి.

"ఇదేనా మీకొచ్చేది?" అంది.

"ఇదే."

"ఇది ఇప్పుడు మీరే తెప్పించారు, మీ ఊపిరితోనే. ఇప్పుడు ఏమీ చేయకుండా చూస్తూ కూర్చోండి."

కూర్చున్నాను. నీళ్లు తాగలేదు, లేచి బయటికి పరుగెత్తలేదు. గోడ మీద గడియారం చూస్తూ ఉన్నాను. నాలుగు నిమిషాలకు చేతులు నావయ్యాయి. తర్వాత వారం మెట్లు ఎక్కించింది. ఆ తర్వాత బస్సులో ఒక్క స్టాపు. ఇప్పుడు గుంటూరుకు రైల్లో ఒక్కదాన్నే వెళ్లొస్తున్నాను. దడ పూర్తిగా పోయిందని చెప్పను. ఈ మధ్య సంక్రాంతి రద్దీలో ఒకసారి వచ్చింది. మిషను ఆపి, నెమ్మదిగా ఊపిరి వదులుతూ కూర్చున్నాను, పోయింది. మెడ తిప్పడం పూర్తిచేశాను.

ఆ మేడమే అడిగింది, మొదటిసారి రావడానికి ముందు ఏడాదిలో ఇంట్లో ఏమైనా జరిగిందా అని. 2021 మే నెలలో కొవిడ్‌తో మా నాన్న పోయాడు. ఆసుపత్రి లోపలికి మమ్మల్ని రానివ్వలేదు. చివరిసారి ఫోన్లో మాటలు లేవు, ఊపిరి చప్పుడే వినబడింది. ఆ చప్పుడు గురించి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

సంపాదకులుగారూ, ఛాతీనొప్పి వస్తే ఇంట్లోనే కూర్చోమని నేను చెప్పడం లేదు. మొదటిసారి ఎవరైనా వెళ్లాల్సిందే. నాకైనా రేపు కొత్తరకం నొప్పి వస్తే వెళ్తాను. మీ వ్యాసం పక్కనే ఇంకో పెట్టె కట్టి, ఈసీజీ, రక్తపరీక్ష బాగున్నా మళ్లీ మళ్లీ వస్తుంటే పానిక్ కావచ్చని, దానికి వైద్యం ఉందని వేయండి. క్యాజువాలిటీలో పనిచేసే డాక్టర్లకు నా మనవి, చీటీలో ఒక్క వాక్యం ఎక్కువ రాయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 14416 కూడా వేయండి. రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఒకసారి రాత్రి రెండింటికి నేను చేశాను. అవతలి అమ్మాయి తొందరపెట్టకుండా, నా ఊపిరి నిదానించేదాకా ఫోన్లోనే ఉంది.

నా సంగతి ఒకరిద్దరికి చెప్పాక తెలిసింది, జాకెట్లు కుట్టించుకునేవాళ్లలోనే ముగ్గురి బీరువాల్లో ఈసీజీ కాగితాలున్నాయి. పోయిన నెల డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి కొలతలకు వచ్చింది. టేపు చుట్టేసరికి ఊపిరి బిగబట్టింది. మామూలుగా వదలమ్మా అంటే, "వదిలితే దడ మొదలవుతుందాంటీ" అంది. తలుపు దగ్గరికి వేసి కూర్చోబెట్టి మాట్లాడాను. పొడవు 14, ఛాతీ 32 అని రాసిన చీటీ కిందనే 14416 అని రాసిచ్చాను.

ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయకండి. దాచుకోవడం నాకు ఇష్టం లేదు. మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, తల్లి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్తోందని తెలిస్తే వెనక్కి పోతారని మా ఆయన భయం. ఆ భయం ఉత్తదే అని నేను ఆయనకు చెప్పలేకపోయాను.

ఇట్లు
ఒక కుట్టుపని చేసే మహిళ,
తెనాలి