లైఫ్‌జాకెట్ సరే, స్టీరింగు సంగతేంటి?

సంపాదకుడు గారికి,

పడవ మునిగిన ప్రతిసారీ మనం ముందు అడిగేది లైఫ్‌జాకెట్లు వేసుకున్నారా అని. తరవాత ఎంతమంది ఎక్కారు, అనుమతి ఉందా అని. నడిపినవాడు ఎక్కడ నేర్చుకున్నాడన్న ప్రశ్న ఎవరి నోటా రాదు. నాకూ ఎప్పుడూ తట్టలేదు, మా అబ్బాయి దగ్గరికి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చేదాకా.

మావాడు అక్కడ స్నేహితులతో కలిసి చేపలు పట్టడానికని చిన్న ఇంజను పడవ ఒకటి కొన్నాడు. ‘గోదావరి గట్టున పుట్టినవాడివి, నీకు ఎవడు నేర్పాలిరా’ అన్నాను. ‘అలా కుదరదు నాన్నా, లైసెన్సు ఉండాలి’ అన్నాడు. బ్రిస్బేన్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ఇంజను 4.5 కిలోవాట్లు, అంటే 6 హార్స్‌పవర్ దాటితే, సరదాకి నడుపుకునే పడవకైనా లైసెన్సు కావాలట. పదహారేళ్లు నిండాలి. ప్రభుత్వం గుర్తించిన శిక్షకుల దగ్గర బోట్‌సేఫ్ అనే కోర్సు చేయాలి. పాఠం విన్నానంటే చాలదు, నీళ్ల మీద నడిపి చూపించాలి. జెట్‌స్కీ తోలాలంటే దాని పైన ఇంకో లైసెన్సు. లైసెన్సు లేనివాడు స్టీరింగు పట్టుకోవాలంటే, ఉన్నవాడు పక్కనే చేతికందేంత దూరంలో ఉండాలి. మన ఎల్ బోర్డు పద్ధతే అనుకోండి.

శిక్షణ రోజున నేనూ వెళ్లి గట్టు మీద బెంచీలో కూర్చున్నాను. నలుగురు నేర్చుకునేవాళ్లు, ఒక మాస్టారు. చాలాసేపటి దాకా ఇంజను ముట్టుకోనివ్వలేదు ఆయన. పెట్రోలు చూశారా, నీళ్లు తోడే పంపు పనిచేస్తోందా, పడవ అడుగున నీళ్లు వదిలే కన్నానికి బిరడా పెట్టారా అని ఒక్కొక్కటీ వాళ్లచేతే తడిమి చూపించాడు. బిరడా మర్చిపోయి పడవని నీళ్లలోకి దింపేసి, కాళ్లు తడిశాక గుర్తుకొచ్చేవాళ్లు అక్కడా తక్కువేం కాదని మావాడు నవ్వాడు.

తరవాత మాస్టారు ఎర్రటి చుట్టల తాడు ఒకటి చూపించాడు. టెలిఫోను వైరులా సాగుతుంది. ఒక కొస ఇంజను స్విచ్చికి, రెండో కొస నడిపేవాడి మణికట్టుకో మోకాలికో. నడిపేవాడు కుదుపుకి నీళ్లలో పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అది లేకపోతే పట్టే చెయ్యి లేని పడవ అక్కడక్కడే గిరగిరా తిరిగి, పడినవాడి మీదికే వస్తుంది. కింద తిరిగేది ఫ్యాను రెక్క.

కారు నడిపినవాడికి పడవ వస్తుందనుకోవడం పొరపాటని ఆరోజే తెలిసింది. కారుకి ముందు భాగం తిరుగుతుంది, పడవకి వెనక భాగం పక్కకి తన్నుతుంది. పైగా బ్రేకు లేదు. రివర్సు వేసి ఆపుకోవాలి, ఈలోపు గాలీ ప్రవాహమూ తమ పని తాము చేస్తాయి. మావాడు మొదటిసారి రేవుకి చేర్చినప్పుడు రేవు గోడకి కట్టిన టైర్లకి కొట్టిన దెబ్బకి నా చేతిలో కాఫీ ఒలికింది. అయిదారుసార్లు చేయించాడు మాస్టారు, విసుక్కోకుండా.

చివర్న పాత లైఫ్‌జాకెట్ ఒకటి నీళ్లలోకి విసిరి ‘మనిషి పడ్డాడు’ అని అరిచాడు. ఒకడు దాని మీద నుంచి చూపు తిప్పకుండా వేలు పెట్టి చూపిస్తూనే ఉండాలి. నడిపేవాడు చుట్టు తిరిగి, ప్రవాహానికి ఎదురుగా మెల్లగా దగ్గరికి రావాలి. మనిషి చేతికందేలోపే ఇంజను న్యూట్రల్‌లో పడాలి. మావాడు ఒకసారి జాకెట్ దాటిపోయాడు, ఇంకోసారి దాన్నే తొక్కేశాడు. మూడోసారికి అందుకున్నాడు. ఆ తొక్కిన జాకెట్ చూశాక వాడి మొహం మారిపోయింది.

ఈత కొట్టేవాళ్లకీ, లంగరేసిన పడవలకీ 30 మీటర్ల లోపుకి వస్తే వేగం 6 నాట్లు, అంటే గంటకి 11 కిలోమీటర్లు మించకూడదు. తాగి నడిపితే కారుకున్న కొలతే పడవకీ.

ఇక మన సంగతి. మా తరం వాళ్లకి లాంచీ నడిపే సరంగు అంటే గౌరవం. ఏళ్ల తరబడి లాంచీలో కూలీగా ఉండి, గడ వేసి, లోతు చూసి, ఇసుక మేట ఈ ఏడు ఎక్కడ జరిగిందో, సుడి ఏ మలుపులో లేస్తుందో కళ్లతో నేర్చుకున్నవాడు. కానీ ఆ చదువు కాగితం మీద లేదు, ఆయనతోనే పోతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగితే, దాన్ని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది. ఆ తరవాత రేవుల్లో తనిఖీలు పెరిగాయి. మంచిదే. కాని లెక్కపెట్టేది ఎక్కినవాళ్లని, జాకెట్లని.

ఇప్పుడు లాంచీలు మాత్రమే కాదు, చెరువుల్లో, జలాశయాల్లో స్పీడుబోట్లూ జెట్‌స్కీలూ వచ్చాయి. నేను తిరిగి వచ్చిన నెలలో నా మనవడిని అలాంటి ఒక చోటికి తీసుకెళ్లాను. నడిపే కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ఎర్ర తాడు ఉంది. రెండో కొస స్టీరింగుకే చుట్టి ఉంది! ఇదేంటి బాబూ అంటే, ‘చేతికి కడితే మాటిమాటికీ ఇంజను ఆగిపోతంది సార్’ అన్నాడు. తప్పు వాడిది కాదు, ఆ తాడు ఎందుకో వాడికి ఎవరూ చెప్పలేదు.

చట్టం లేక కాదు, నదుల్లో కాలువల్లో తిరిగే పడవల కోసం చేసిన 1917 నాటి అంతర్గత నౌకల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. గోవాలో జాతీయ జల క్రీడల సంస్థ పవర్‌బోటు నడపడంలో, ప్రాణరక్షణలో కోర్సులు నడుపుతోంది. గోదావరి గట్టున దేవీపట్నం కుర్రాడు గోవా వెళ్లి నేర్చుకుని రావాలంటే అయ్యే పనేనా? మన రెండు రాష్ట్రాల్లోనూ గోదావరి మీద ఒకటి, కృష్ణ మీద ఒకటి శిక్షణ రేవులు పెట్టాలి. తెలుగులో పుస్తకం ఉండాలి. రిటైరైన సరంగులు ఇంకా ఉన్నారు, వాళ్లకి జీతమిచ్చి మాస్టార్లని చేయాలి. బతుకుతెరువుకి నడిపేవాడే కాదు, ఫామ్‌హౌస్ పక్క చెరువులో సరదాకి తోలే ఆసామీ కూడా అక్కడ మూడుసార్లు ఆ పాత జాకెట్‌ని వెతికి తీసి చూపించాకే స్టీరింగు పట్టుకోవాలి.

మన దగ్గర లైసెన్సు అంటే బ్రోకరు గుర్తుకొస్తాడని నాకూ తెలుసు. కారుకి ఎనిమిది వేయకుండానే ఎందరు తెచ్చుకోలేదు? అందుకే కార్డు కన్నా ముందు శిక్షణ రేవు అడుగుతున్నాను.

అది వచ్చేలోపు, తనిఖీకి వచ్చే సిబ్బంది జాకెట్లతోపాటు ఆ ఎర్ర తాడు రెండో కొస ఎక్కడుందో కూడా చూస్తే బాగుంటుంది.

– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం