యాప్‌లో మా కప్పు ‘స్లాబు’: గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి ఒక మేస్త్రీ బహిరంగ లేఖ

గౌరవనీయులైన గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

అయ్యా, కూలేలా ఉన్న మా ఇంటి కప్పు గురించి ప్రజావాణిలో ఇప్పటికి నాలుగు అర్జీలు ఇచ్చాను. నాలుగు రసీదులూ బీరువాలో భద్రంగా ఉన్నాయి. బీరువా మీద టార్పాలిన్ పట్టా కప్పి ఉంది, అదెందుకో కింద రాస్తాను. నాలుగింటికీ వచ్చిన జవాబు ఒక్కటే: “మీది స్లాబు ఇల్లు, గతంలోనే లబ్ధి పొందారు.” ఒకే మాటను నాలుగుసార్లు విసుక్కోకుండా టైపు చేసినవారికి ముందుగా నా ధన్యవాదాలు.

నేను తాపీ మేస్త్రీని. పొద్దున లేచి చుట్టుపక్కల ఊళ్లలో మీ కొత్త ఇందిరమ్మ ఇళ్లకే స్లాబులు పోస్తున్నాను. ఈ ఏడాది ఆరు పోశాను. మీరిచ్చే అయిదు లక్షల్లో, నాలుగు వందల చదరపు అడుగుల్లో, సలాక ఎక్కడా తగ్గకుండా, సలాక కింద కాంక్రీటు చేరేలా ఎత్తి పట్టే చిన్న సిమెంటు దిమ్మలు, కవర్ బ్లాకులు, పెట్టి మరీ పోశాను. పొద్దుగూకి ఇంటికొచ్చాక మాత్రం ఎప్పుడు మీద పడుతుందో తెలియని కప్పు కింద పడుకుంటున్నాను.

2024 డిసెంబరులో ఇందిరమ్మ ఇళ్ల సర్వేకి వచ్చిన పిల్లవాడు మంచివాడే. ఫోన్‌లో సర్వే యాప్ చూసుకుంటూ గోడలు దేనితో కట్టారు, కప్పు ఏమిటి అని అడిగాడు. నేను చెయ్యెత్తి పైకి చూపించాను. తలెత్తి చూశాడు. పెచ్చులూడిన చోట సలాకలు ఎర్రగా బయటికి కనిపిస్తున్నాయి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. “అన్నా, రేకులా, పెంకులా, స్లాబా? ఇందులో ఒకటి చెప్పాలి” అన్నాడు. ఏం చెప్పను? స్లాబే కదా. ఒక వేలు నొక్కుడుతో మేం పక్కా ఇంటివాళ్లమైపోయాం.

ఈ స్లాబు సంగతి నాకు బాగా తెలుసు సార్. 2008 వేసవిలో మా నాన్న పేరున ఇల్లు వస్తే, పోసింది నేనే. అప్పటికి నాకు పని పూర్తిగా రాదు. అబద్ధమెందుకు, తప్పులో నా వాటా కూడా ఉంది. బిల్లు ఎప్పుడొస్తుందో తెలియక సలాక దూరం దూరంగా కట్టాం. వాగు నుంచి తెచ్చిన ఇసుకలో సగం మట్టే. కవర్ బ్లాకులన్న మాటే నేను వినలేదు, సలాకల్ని సెంట్రింగ్ రేకుల మీదే పరిచేశాం. స్లాబు మీద మడులు కట్టి ఇరవై ఒక్క రోజులు నీళ్లు నిలపాలి. ఊళ్లో బోరు ఎండిపోయింది, ట్యాంకర్ నీళ్లు నాలుగు రోజులు పోసి ఊరుకున్నాం. ఆ రోజు కొలత పుస్తకం పట్టుకొచ్చిన అధికారి స్లాబు కింద నిలబడి ఫొటో తీసుకుని బిల్లు రాసి వెళ్లారు. ఆయన్నీ తప్పుపట్టను. ఆ ఎండాకాలం అందరమూ తొందరలోనే ఉన్నాం.

ఇప్పుడు మీ శాఖవాళ్లు అడిగే ప్రశ్న: “కప్పు మార్చాల్సినంత పాడైందని ఎలా చెప్తావు?” చెప్తాను, అది నా పనే కాబట్టి. ప్రతి కురిసే స్లాబునూ పడగొట్టక్కర్లేదు. పిట్టగోడ మూలన నీరు నిలిచి దిగుతుంటే వాలు సరిచేసి పూత వేస్తే ఆగిపోతుంది. అలాంటివి నేనే వందల రూపాయల్లో బాగు చేశాను. మా ఇంట్లో మరకలు అట్లా లేవు. సలాకలు ఎటు పోయాయో అటే గీత గీసినట్టు తుప్పు రంగు చారలు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది, పెచ్చు పడేది అందుకే. కర్రతో కొడితే మంచి స్లాబు గట్టిగా పలుకుతుంది. మాది నడిమి గదిలో బోలు కుండలా డప్ డప్‌మంటుంది. ఈ గోడ నుంచి ఆ గోడకు, స్లాబుకు అంగుళం కింద దారం బిగించి కట్టాను. నడిమధ్యకు వచ్చేసరికి స్లాబు దారానికి తగులుతోంది. ఎనిమిది మిల్లీమీటర్ల సలాక ఒకచోట గోరుతో గీకితే పొట్టు పొట్టుగా రాలి, పెన్సిల్ ములుకంత మిగిలింది.

కాలనీలో ఇద్దరు ముగ్గురు పైన మరో రెండంగుళాల కాంక్రీటు పోయించుకున్నారు. నీరు ఆగింది, నిజమే. కింది సలాక చచ్చిపోయిన స్లాబు మీద ఇంకో స్లాబు బరువు పెట్టారు. ఎంత చెప్పినా వినలేదు. వాళ్లనైనా ఏమంటాం, చేతిలో ఉన్న డబ్బు అంతకే వస్తుంది.

మూడో అర్జీ తర్వాత ఒక ఇంజనీర్ గారు చూడటానికి వచ్చారు. ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. “ఎక్కడా తడి లేదే?” అన్నారు. ఏప్రిల్‌లో మా చెరువులోనే తడి ఉండదు సార్ అన్నాను. నవ్వారు, రాసుకున్నారు, వెళ్లారు. ఏం రాసుకున్నారో నాలుగో జవాబులో తెలిసింది.

అదే ఏడాది సెప్టెంబరులో వచ్చి ఉంటే మా అమ్మ కనిపించేది. అమ్మ బీడీలు చుడుతుంది. చాట పెట్టుకుని కూర్చునే చోటు ఆ వానల్లో మూడుసార్లు మారింది. మొదట కిటికీ కింద, తర్వాత బీరువా పక్కన, చివరికి గుమ్మంలో. బీరువా మీద పట్టా అప్పుడు కప్పిందే. ఒకరోజు చాటలోని తంబాకులో సిమెంటు రవ్వ రాలింది. కళ్లజోడు పెట్టుకుని, గోటితో ఒక్కో రవ్వా ఏరుతూ గంటసేపు కూర్చుంది. రవ్వ ఉన్న బీడీని కార్ఖానావాళ్లు పక్కన పడేస్తారు, దాని కూలి పోతుంది. “వానాకాలం అయిపోనీ బిడ్డా” అంటుంది. పదేళ్ల నుంచి అదే మాట.

ఇక కూలిపోతే ఏమొస్తుందో కూడా కనుక్కున్నాను. విపత్తు సాయం లెక్కల్లో పక్కా ఇల్లు పూర్తిగా దెబ్బతింటే లక్షా ఇరవై వేలు. కనీసం పదిహేను శాతం దెబ్బతింటే ఆరు వేల అయిదు వందలు. అదీ వరదో తుఫానో వల్ల పడాలి. ముసలిదై పడితే లెక్కలోకి రాదు. మా స్లాబుకు ఆ సంగతి ఎవరైనా చెబితే వానపడే రోజు చూసుకుని పడుతుంది. ఆ పదిహేను శాతం ఏ మూల నుంచి కొలుస్తారో, కింద మనిషి ఉండగా కొలుస్తారో లేదో కూడా తెలియజేయగలరు.

“గతంలో లబ్ధి పొందారు” అన్నది నిజమే. పొందిన నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ లబ్ధి ఇప్పుడు నా పిల్లల మంచం మీద పెచ్చులు పెచ్చులుగా పడుతోంది. కొత్త ఇల్లు ఇవ్వకపోతే మానె. గోడలు గట్టిగానే ఉన్నాయి, ఒక్క కప్పు మార్చుకోవడానికి ఏదో ఒకటి చేయండి. సాయమో, బ్యాంకు అప్పో, సిమెంటు బస్తాలో. కూలి నాదే, పని నేనే చేసుకుంటాను. ఆ యాప్‌లో స్లాబు కింద ‘శిథిలం’ అని ఇంకో మాట పెట్టించండి. చూడటానికి వచ్చేవాళ్లను వానలో పంపండి, గొడుగు మేమిస్తాం. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలియదు. ఏదో ఒకటి చేయండి సార్.

వచ్చే సోమవారం అయిదో అర్జీతో వస్తున్నాను. మొన్న రాత్రి పడిన పెచ్చును, దానికి అంటుకున్న సలాక ముక్కతో సహా సంచిలో వేసి తెస్తాను. దాదాపు రెండు కిలోలుంది. దానికి కూడా రసీదు ఇప్పించగలరని ప్రార్థన.

ఇట్లు,
మీ కొత్త ఇళ్లకు స్లాబులు పోస్తున్న ఒక మేస్త్రీ